అత్త వద్దంది, తీసేశాను

నా పేరు రెబెక్కా. అమలాపురం దగ్గర మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఆఖరి తొమ్మిదేళ్ళూ హెడ్‌మిస్ట్రెస్‌ని. పిల్లలే కాదు, వాళ్ళ తండ్రులు కూడా నన్ను చూస్తే ఎత్తి కట్టిన లుంగీ కిందికి దించుకునేవాళ్ళు. అలాంటి నేను ఒక శనివారం మధ్యాహ్నం మా మేనకోడలి ఇంట్లో, కోడికూర గిన్నెకి నాలుగడుగుల దూరంలో కూర్చుని పస్తు ఉన్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

మేనకోడలి పేరు ప్రిస్కిల్లా. మా తమ్ముడి కూతురు. తమ్ముడూ మరదలూ ఇద్దరూ ప్రభువునందు నిద్రించారు. దీనికిప్పుడు ముప్పై రెండేళ్ళు. కడియంలో ఒక నర్సరీకి కంప్యూటర్ పని చేస్తుంది. మొక్క ఫొటో, దాని పేరు, ఎన్ని నీళ్ళు పొయ్యాలి, ఎంత ఎండ తగలాలి, ఇవన్నీ వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టడం దాని ఉద్యోగం. ఆకు చూపిస్తే చాలు, క్రోటన్లలో నూట పద్నాలుగు రకాలు పేరు పెట్టి పిలుస్తుంది. అదే గుమ్మంలో కొరియర్ అబ్బాయి బెల్ కొడితే మాత్రం చెమటలు పట్టేస్తాయి. మూడేళ్ళ కిందట విశాఖలో ఒక డాక్టరమ్మ చూసి, దీనికి ఆటిజం ఉందని చెప్పింది. మా వాళ్ళందరం ఏడ్చాం. అది మాత్రం "హమ్మయ్య" అంది. "ఇన్నాళ్ళూ నేను చెడ్డదాన్నేమో అనుకున్నాను అత్తా" అంది.

దాని అన్న డేనియల్ కాకినాడలో గుమాస్తా. బంగారం లాంటి మనిషి, వచ్చిన చిక్కంతా అదే. చెల్లెలు ఒంటరిగా ఎలా బతుకుతుందోనని వాడికి ఒకటే బెంగ. మేడమీద దానికోసం ఒక గది కట్టించాడు, టేకు మంచం చేయించాడు. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చెయ్యమ్మా" అంటాడు. అది "వద్దన్నయ్యా" అంటుంది. ఆఖరికి వాడు నన్ను రంగంలోకి దింపాడు.

"అత్తా, నువ్వెళ్ళి ఒక రోజు ఉండి చూడు. అది ఒక్కతీ బతగ్గలదని నువ్వంటే నేనిక మాట్లాడను. లేదన్నావా, ఆదివారం బండేసుకొచ్చి సామానుతో సహా తెచ్చేసుకుంటాను."

ఈ సంగతి చెల్లెలికీ చెప్పాడు. అది ఒక్కటే అడిగిందట. "అత్త ఏమేం చూస్తుందో లిస్టు ఇస్తావా?"

నాకు లిస్టు అక్కర్లేదు. నేను ఇంటిదగ్గరే తీర్పు రాసేసుకుని బయల్దేరాను. దానికి కారణం ఆ ఇంటర్నెట్టు. ఈ పిల్ల చుట్టాలిళ్ళకి రాదు. చర్చిలో ఆశీర్వాదం అవ్వగానే, అందరికీ చేతులు కలపాల్సొస్తుందని వెనక గుమ్మంలోంచి జారుకుంటుంది. ఫోన్లో మాత్రం ఎవరెవరితోనో తెగ రాతలు. 'సూటిగా' అని ఒక గ్రూపట. అందులో అందరూ దీనిలాంటివాళ్ళేనట. యానాం నుంచి వీరబాబని ఒకడున్నాడని తెలిసిన రోజున నాకు గుండె ఆగినంత పనయింది. మనవైపు మగాళ్ళు చవక మందు కోసం యానాం పరిగెడతారని నాకు తెలీదా?

శనివారం పొద్దున్న టిఫిన్ చెయ్యకుండా బస్సెక్కాను. ప్రిస్కిల్లా కోడికూర అద్భుతంగా వండుతుంది. ఉప్పు కూడా గ్రాముల్లో తూచి వేస్తుంది. ఖాళీ కడుపుతో వెళ్ళి న్యాయం చెయ్యాలన్నది నా ఉద్దేశం. రావులపాలెంలో బస్సు మారుతుంటే, లారీలకి అరటిగెలలు ఎక్కిస్తున్నారు. ఒక్క పండు ముట్టుకోలేదు. నా క్రమశిక్షణ అలాంటిది.

ఇల్లు శుభ్రంగానే ఉంది. ఫ్రిజ్ తలుపు నిండా కాగితాలు అంటించి ఉన్నాయి. 'గ్యాస్ బాబు వస్తే', 'కరెంటు పోతే', 'ఎవరైనా వర్షం గురించి మాట్లాడితే'. ఒకటి చదివాను. 'పక్కింటావిడ ఏం కూర అని అడిగితే: కూర పేరు చెప్పాలి. తరవాత, మీదేం కూర అని అడగాలి. వంట విధానం చెప్పక్కర్లేదు.' ఇవన్నీ ఎవరు రాశారే అంటే, గ్రూపులో అందరూ కలిసి రాసుకున్నాం అంది. నేను పెదవి విరిచాను.

సరిగ్గా పన్నెండున్నరకి రెండు కంచాలు పెట్టింది. "అత్తా, భోజనం పెట్టనా?" అంది.

అరవై రెండేళ్ళుగా ఏ ఇంట్లో అడిగినా నేను చెప్పే మాటే చెప్పాను. "అబ్బే, ఇప్పుడేం వద్దమ్మా. దార్లో తినేశాను."

దీని తరవాత ఏం జరగాలో గోదావరి జిల్లాల్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. "అదేంటండి, మా ఇంటికొచ్చి తినకుండా ఎలా వెళ్తారు" అని వాళ్ళనాలి. "అయ్యయ్యో, నిజంగా వద్దండి" అని మనమనాలి. వాళ్ళు చెయ్యి పట్టుకుని లాగాలి. "సరే, మీ మాట తీసెయ్యలేక, ఒక్క ముద్ద" అంటూ మనం కూర్చోవాలి. కూర్చున్నాక నాలుగుసార్లు వడ్డించుకోవాలి. అడగ్గానే 'పెట్టు' అనే మనిషిని కక్కుర్తి మనిషంటారు. మా అమ్మ నాకు ఉగ్గుతో పాటు పోసిన మర్యాద అది.

ప్రిస్కిల్లా "సరే అత్తా" అంది. నా కంచం తీసి అల్మారాలో పెట్టేసింది. కూర్చుని తినడం మొదలుపెట్టింది.

నేను గొంతు సవరించుకున్నాను. అది తలెత్తలేదు. "కూర వాసన బాగుందే" అన్నాను. "అవును. జీలకర్ర వేయించి పొడి చేశాను" అంది. అంతే, మళ్ళీ తిండిలో పడింది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

భోజనం అయ్యాక ఒక అట్టపెట్టె తెచ్చింది. "పూతరేకు తింటావా అత్తా? ఆత్రేయపురం నుంచి తెప్పించాను."

అప్పుడైనా ఔనని ఏడవొచ్చుగా! నా నోరు నా మాట వింటేగా. "నాకెందుకే ఇవన్నీ, నువ్వు తిను" అనేసింది. అది తింది. ఒకటి కాదు, రెండు. నా కళ్ళముందు, కాగితంలాంటి ఆ పొరలు కరకరలాడుతుంటే. "నిజానికి నీకోసమే తెప్పించాను. కానీ నువ్వు నన్ను తినమన్నావు కదా" అని చెప్పి మరీ తింది.

నేను విసురుగా వరండాలోకి వెళ్ళి, తలుపు దబ్బున వేసి, డేనియల్‌కి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఇది నాకు అన్నం కూడా పెట్టలేదురా! తనొక్కతే కూర్చుని తింది!"

ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టలేదంటే మా వైపు అంతకు మించిన నేరం లేదు. "అన్నం పెట్టలేదా? నీకా?" అన్నాడు. "అంత దూరం వచ్చిందన్నమాట దాని పరిస్థితి. రేపు మధ్యాహ్నానికి బండి తెస్తున్నాను అత్తా."

ఫోన్ పెట్టేశాక నేను చెప్పింది నిజం కాదని తెలుస్తూనే ఉంది. కానీ ఆకలి మీదున్నాను, దిద్దుకునే ఓపిక లేదు. పైగా ఆ కోపం కాస్తా గోడమీద మిణుకుమిణుకుమంటున్న ఇంటర్నెట్ పెట్టె మీదికి మళ్ళింది. చుట్టూ నర్సరీ చెట్లే కాబట్టి ఆ ఇంట్లో ఫోన్లకి సిగ్నల్ సరిగ్గా అందదు, అంతా ఆ పెట్టె మీదే నడుస్తుంది. ఓ గంట అలాగే ఉడికి, ఎవరూ చూడకుండా దాని స్విచ్ తీసేశాను. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి చెయ్యాల్సిన పనేనా? కాదు. చేశాను.

నాలుగింటికి ప్రిస్కిల్లా వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి నిలబెట్టింది. కుళాయి మీద చెయ్యి వేసింది. అలాగే ఉండిపోయింది. ఐదు నిమిషాలయింది, పది అయింది. సింకునిండా అంట్లు. చెయ్యి కుళాయి మీదే ఉంది, నీళ్ళు మాత్రం రావడం లేదు. రెండో చేతి వేళ్ళు గబగబా ఆడిస్తోంది. ముఖం పాలిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"నెట్ లేదు. నాలుగింటికి నేనూ నూకరత్నం గారూ కలిసి అంట్లు తోముకుంటాం. ఆవిడది ఉప్పాడ. వీడియో పెట్టుకుంటాం."

"అంట్లు తోమడానికి వీడియో ఎందుకే? నేనున్నాగా, రా, తోమేద్దాం."

"నువ్వు మాట్లాడతావు అత్తా" అంది. తిట్టడం కాదు, ఉన్న సంగతి చెప్పింది. "మేం మాట్లాడుకోం. ఎదురుగా ఎవరైనా అదే పని చేస్తుంటే నాకు చెయ్యి కదులుతుంది. లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఆవిడకీ అంతే. పాపం, ఆవిడ కూడా ఇలాగే నిలబడి ఉంటారిప్పుడు."

ఉప్పాడలో, నేను ముఖం కూడా చూడని ఒక మనిషి, నా మూలాన అంట్ల ముందు నిలబడి ఉందన్నమాట. సిగ్గేసింది నాకు. నిజంగా సిగ్గేసింది.

"నేనే ఆపేశానే ఆ పెట్టె" అన్నాను.

"ఎందుకు?"

"కోపం వచ్చి."

"ఎందుకు కోపం?"

"ఆకలేసి."

ప్రిస్కిల్లా నావైపు తిరిగి, అయోమయంగా చూసింది. "దార్లో తిన్నానన్నావుగా?"

ముప్పై నాలుగేళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను ఇంత ఇరుకున పెట్టలేదు. నోరు మూసుకుని వెళ్ళి స్విచ్ వేశాను.

ఫోన్ టింగుటింగుమని మొదలెట్టింది. కాసేపటికి తెరమీద రెండు చేతులు కనపడ్డాయి, పులుసు గిన్నె తోముతూ. ఇక్కడ రెండు చేతులు కదిలాయి. ఎవరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. పావుగంటలో రెండిళ్ళ అంట్లూ అయిపోయాయి. తెరమీద చెయ్యి ఒకసారి ఊగింది, ఇది కూడా ఊపింది. నూకరత్నం గారి సంగతి నాకు తరవాత తెలిసింది. మేరీమాతలాంటి ఓర్పున్న మనిషని అందరూ మెచ్చుకునే ఆవిడ, నలభై దాటాక గానీ తనకేం ఉందో తెలుసుకోలేదట.

చేతులు తుడుచుకుని ప్రిస్కిల్లా ఫోన్ నాకిచ్చింది. "నీ గురించే అత్తా. చదువు. నీ పేరు రాయలేదు, అత్త అనే రాశాను."

పైన దాని మెసేజి. 'అత్త అన్నం వద్దంది, తీసేశాను. పూతరేకు వద్దంది, తీసేశాను. ఇప్పుడు తలుపులు గట్టిగా వేస్తోంది. నేనేం తప్పు చేశాను?'

కింద నా మీద పెద్ద సభే జరిగింది. 'తిన్నానని ఆవిడే చెప్పారు కదా, తిన్న మనిషికి పెట్టకపోవడం తప్పెలా అవుతుంది?' అని ఒకరు. 'మా పిన్నీ ఇంతే. కంచం మీద చెయ్యి అడ్డం పెడుతుంది. వేళ్ళు దగ్గరగా ఉంటే నిజంగానే వద్దని. వేళ్ళ మధ్య సందులుంటే పెట్టమని' అని ఇంకొకరు. కింద ఎవరో రెండు రకాల చేతుల ఫొటోలు తీసి, బాణం గుర్తులు వేసి మరీ పెట్టారు. నేను గబుక్కున నా చేతివంక చూసుకున్నాను. 'మూడుసార్లు అడగాలని మా అమ్మ చెప్పింది. ఎందుకైనా మంచిదని నాలుగోసారి అడిగితే తిట్టింది' అని ఇంకొక పిల్ల.

ఆఖర్న నేను భయపడ్డ యానాం వీరబాబు. పడవమీద వేటకెళ్ళే కుర్రాడు, మందు వాసనకే వాంతి చేసుకుంటాడట. 'ఇదంతా ఎందుకండి. నేనైతే అడిగేస్తాను. మర్యాదకి వద్దా, నిజంగా వద్దా? మొదట్లో కోప్పడ్డారు. ఇప్పుడు మా వీధిలో అందరూ నాకు నిజమే చెప్తున్నారు.'

నాకు నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూ కిందికి జరిపాను. అక్కడ ప్రిస్కిల్లా రాసిన ఇంకో మెసేజి ఉంది. 'రేపు అన్నయ్య బండి తెస్తే నేను వెళ్ళిపోవాలి. ఇక్కడైతే నాకు అన్నీ చేతనవుతున్నాయి. నేను మూడేళ్ళనుంచీ వద్దంటున్నాను. అన్నయ్యకి వినపడటం లేదు. ఇంకెలా చెప్పాలి?'

దానికింద ఎవరి జవాబూ లేదు. సరిగ్గా అప్పుడే నేను స్విచ్ తీసేయడంతో అది ఎవరికీ వెళ్ళకుండా ఆగిపోయింది మరి. నవ్వు ఎటుపోయిందో పోయింది.

"అత్తా" అంది ప్రిస్కిల్లా. "మధ్యాహ్నం అన్నం మర్యాదకి వద్దా, నిజంగా వద్దా?"

నేలచూపులు చూస్తూ "మర్యాదకే" అన్నాను.

అది వేడిచేసి పెట్టింది. సాయంత్రం ఐదున్నరకి, అల్మారాలోంచి తిరిగొచ్చిన కంచంలో మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. చెయ్యి కడుక్కోగానే డేనియల్‌కి ఫోన్ చేశాను.

"ఒరేయ్, అది అన్నం పెట్టిందిరా. నేనే వద్దన్నాను. పిల్ల బాగానే ఉంది, బండి వద్దు."

వాడు నిట్టూర్చాడు. "నువ్వు దాన్ని వెనకేసుకొస్తావని నాకు తెలుసు అత్తా. మర్యాద కొద్దీ అలా అంటున్నావు. నాకర్థమైందిలే. బండికి చెప్పేశాను."

చెప్పానుగా, ఆ మర్యాద మా అమ్మ పోసిందని. మేనల్లుడికి పోసింది నేనే.

ఆదివారం చర్చి అయ్యాక నేను కూడా దానితోపాటు వెనక గుమ్మంలోంచి జారుకున్నాను. మనలో మాట, చాలా హాయిగా ఉంది. ఇంటికొచ్చేసరికి డేనియల్ గుమ్మంలో ఉన్నాడు. వెనక చిన్న లారీ, అందులో అట్టపెట్టెలు, కొత్త తాళ్ళు. ప్రిస్కిల్లా ఆ తాళ్ళని చూసింది. దాని వేళ్ళు మళ్ళీ గబగబా ఆడటం మొదలెట్టాయి. అయినా లోపలికెళ్ళి మూడు కంచాలు పెట్టింది.

"అన్నయ్యా, భోజనం పెట్టనా?"

"వద్దమ్మా, ఆకలిగా లేదు."

"మర్యాదకి వద్దా, నిజంగా వద్దా?"

వాడు నావంక చూశాడు. నేను గోడమీద క్యాలెండరు చూస్తున్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మర్యాదకేలే. పొద్దున్నుంచీ ఏం తినలేదు" అన్నాడు చిన్నగా. అది పెట్టింది. వాడు ఆవురావురుమంటూ తిన్నాడు. ఉప్పు గ్రాముల్లో తూచిన కూరని ఎవరైనా అలాగే తింటారు.

నాలుగు ముద్దలు దిగాక మొదలుపెట్టాడు. "తినగానే సర్దేద్దాం తల్లీ. నువ్వేం మొహమాటపడకు. మీ వదిన కూడా ఏమీ అనుకోదు."

"వద్దన్నయ్యా."

"ఇదిగో, ప్రతిసారీ ఇదే మాట. మాకేం కష్టం కాదమ్మా. గది కూడా కట్టించానుగా."

"వద్దన్నయ్యా."

"నువ్వలాగే అంటావు. మా మీద భారం పడుతుందనే కదా నీ..."

నా ఓర్పు తెగిపోయింది. గరిటె తీసుకుని బల్లమీద ఒక్కటిచ్చాను, క్లాసురూములో బెత్తంతో కొట్టినట్టు. "ఒరేయ్ డేనియల్! ఇందాక అది నిన్నో ప్రశ్న అడిగింది. మూడేళ్ళలో ఆ ప్రశ్న నువ్వు దాన్ని ఒక్కసారైనా అడిగావురా?"

వాడి చెయ్యి నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది. ముద్ద కంచంలో పెట్టేశాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"ప్రిస్సీ..." అన్నాడు. "మర్యాదకి వద్దా? నిజంగా వద్దా?"

"నిజంగా వద్దు."

"మూడేళ్ళనుంచీనా?"

"మూడేళ్ళనుంచీ. నా దగ్గర ఇంకో రకం వద్దు లేదన్నయ్యా" అంది ప్రిస్కిల్లా.

వాడు తల దించుకుని కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా అది వద్దన్న మాటలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా వినపడుతున్నాయి కాబోలు. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నా కళ్ళు కూడా మండుతున్నాయి, కారం వల్ల కాదు.

"నేను పట్టించుకోలేదే తల్లీ" అన్నాడు.

"పట్టించుకున్నావు. గది కట్టించావు" అంది అది. "గది బాగుంది, ఫొటోలో చూశాను. ప్రతి నెలా రెండో శనివారం వస్తాను. పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోతాను. తలుపుకి లోపల గడియ పెట్టించు."

"పెట్టిస్తాను."

"ఏ రోజుకి?"

వాడు ఏడుస్తూనే నవ్వేశాడు. "బుధవారానికి." అది లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద రాసుకుంది. లారీ ఖాళీగా పోవడం ఎందుకని, ఆ గదికోసం పదకొండు క్రోటన్ కుండీలు ఎక్కించింది. ఏది కిటికీ దగ్గర, ఏది గుమ్మం దగ్గరో కాగితం మీద రాసి ఇచ్చింది. కొత్త తాళ్ళు కుండీలు కట్టడానికి పనికొచ్చాయి.

బయల్దేరే ముందు అట్టపెట్టె మళ్ళీ తెచ్చింది. "అత్తా, పూతరేకు ఒక్కటే మిగిలింది. కావాలా?"

నా నోరు అలవాటుకొద్దీ 'అబ్బే' అనబోయింది. పళ్ళు బిగించి ఆపాను. అరవై రెండేళ్ళు వచ్చాక, వీరబాబు పుణ్యమా అని, మొదటిసారి మొదటి పిలుపుకే అన్నాను. "కావాలి. పెట్టు."

అది పెట్టబోతూ ఆగి, అన్నవైపు తిరిగింది. "అన్నయ్యా, నీకు?"

వాడు పూతరేకు వంక చూశాడు, నా వంక చూశాడు. "వద్దమ్మా. అత్తకి పెట్టు."

"మర్యాదకి వద్దా, నిజంగా వద్దా?"

"మర్యాదకే" అన్నాడు వెధవ.

ప్రిస్కిల్లా దాన్ని సరిగ్గా మధ్యకి విరిచి, చెరో సగం మా చేతుల్లో పెట్టింది.